కదలని పచ్చగీత

మా అమ్మ చప్పుడు లేకుండా మాట్లాడుతుంది. మరమగ్గాల మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళందరిదీ అదే వరస. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకని పెదాలతో, వేళ్ళతో మాట్లాడుకునేవారు. అమ్మ మగ్గానికి ఎదురు మగ్గం పిన్నిది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ మోత మధ్యనే సంబంధాలు మాట్లాడుకున్నారు, మేస్త్రీని అతని ముందే తిట్టుకున్నారు. మిల్లు మూతపడ్డాక కూడా ఇద్దరూ కలిస్తే ఇంట్లో చడీచప్పుడూ ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండేది. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?" అనేదాన్ని.

అలాంటి పిన్ని దూరపు ఊళ్ళో ఆసుపత్రి పాలయింది. గొంతు దగ్గర కోసి గొట్టం వేశారు, మాట లేదు. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఇక్కడ అమ్మేమో తుంటి విరిగి మంచంలో ఉంది. చెల్లెల్ని చూసుకోవాలంటే వీడియో కాల్ ఒక్కటే దారి. నా ఫోన్ చూపిస్తే పక్కకు తోసేసింది.

"ఇంత దాంట్లో దాని పెదాలేం కనపడతాయే? పెద్దది పెట్టండి."

పెద్దదంటే మా ఆయన కంప్యూటర్. పాత కంప్యూటర్లు బాగుచేయడం ఆయన పని. చేతికొచ్చిన ప్రతి ముసలి యంత్రానికీ, అందరూ వాడే విండోస్ పీకేసి, లైనక్స్ ఎక్కిస్తారు, అదో పిచ్చి. ఆసుపత్రి వాళ్ళ యాప్‌కి ఆ పిచ్చి సంగతి తెలియదు కదా. ఎక్కించబోతే ఏదో ఫైలు లేదంది. అది తెస్తే ఇంకోటి లేదంది. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఎలాగో ఎక్కాక, కెమెరా పెట్టమంటే తెరంతా నలుపు. యాప్‌కి కెమెరాను ముట్టుకునే అనుమతి లేదట. పీకేసి, మళ్ళీ ఎక్కించి, అనుమతి ఇచ్చి, అన్నం కూడా తినకుండా కూర్చున్నారు. నేను సణిగాను గానీ, అత్తగారి కోసం అంత చేసే అల్లుడు ఎవరికి దొరుకుతాడు.

సాయంత్రం రోగుల్ని చూడనిచ్చే వేళకు కాల్ కలిసింది. అటు నర్సు ఫోన్ పట్టుకుంది. తెర నిండా పిన్ని మొహం. అమ్మ పెదాలు కదిపింది, పిన్ని పెదాలు కదిపింది. ఇద్దరూ మళ్ళీ ఎదురెదురు మగ్గాల దగ్గరికి వెళ్ళిపోయారు. పిన్ని నవ్వింది కూడా. నేను గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాను.

మా ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెర మూలకే చూస్తున్నారు. మైకులోకి గొంతు వెళితే అక్కడ ఒక పచ్చగీత ఎగరాలి. అమ్మ నోరు ఆడుతోంది, గీత మాత్రం కదలడం లేదు.

"మైకు పోయినట్టుంది. అత్తయ్య మాట ఒక్కటీ అటు పోవట్లేదు," అన్నారు కంగారుగా.

సరిగ్గా అప్పుడే పిన్ని చెయ్యెత్తింది. రెండు వేళ్ళు కలిపి విడదీసింది. దారం తెగింది అని. మిల్లులో ఆ తర్వాత రెండే మాటలు. చెయ్యి ఎదుటిమనిషి వైపు తిరిగితే, నువ్వొచ్చి ముడెయ్యి అని. తన గుండెమీద పెట్టుకుంటే, నేను చూసుకుంటాలే, నువ్వుండు అని. పిన్ని చెయ్యి మళ్ళీ లేస్తోంది.

"ఆగండి," అన్నాను. హెడ్‌ఫోన్లలో ఆయనకు వినపడలేదు. యాప్ మూసేశారు.

"ఒక్క నిమిషం అత్తయ్యా, సౌండ్ బాగుచేసి పెడతా."

మళ్ళీ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, అటు నర్సు ఎత్తేదాకా అమ్మ తెరమీంచి చూపు తిప్పలేదు. ఈసారి నర్సు గొంతు ఖంగుమంది.

"మగత కమ్మిందండీ. పిలిస్తే పలకట్లేదు."

పిన్ని ఆ మగతలోంచి లేవలేదు. తెల్లారేసరికి పోయింది.

అమ్మ అసలు గొంతే ఎత్తలేదని నేను చెప్పాక, మా ఆయన మైకు ముందు కూర్చుని "హలో" అన్నారు. పచ్చగీత ఎగిరింది. మళ్ళీ అన్నారు. మళ్ళీ ఎగిరింది. దానికి ఏ రోగమూ లేదు. ఆ మనిషి తల బాదుకుని ఏడుస్తుంటే, ఇంత నోరున్న నాకూ తిట్టడానికి నోరు రాలేదు.

అమ్మ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. "నా కోసమేగా చేశావు బాబూ," అంది. నన్ను మాత్రం వదలదు.

"గుమ్మంలోనే ఉన్నావుగా. దాని చెయ్యి ఎటు తిరిగిందే? నావైపా, దాని గుండెమీదికా?"

"కళ్ళనిండా నీళ్ళమ్మా. కనపడలేదు."

అమ్మ రెండు వేళ్ళు కలిపి విడదీస్తుంది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచి, నా మొహం వైపు చూస్తుంది.