హార్బింజర్ ఆదెయ్య

ఆదెయ్య పత్తిచేలల్లో పురుగు చూసే మనిషి. చేలో లింగాకర్షక బుట్టలు కట్టి, వాటిలో పడ్డ రెక్కల పురుగుల్ని బట్టి గులాబీరంగు పురుగు వస్తోందో లేదో రైతుకు చెబుతాడు. రైతుల సంఘం ఇచ్చే రోజుకూలితోనే బతుకుతున్నాడు. ఊళ్ళో ఎవరికీ అతను మంచి కబురు మోసింది లేదు.

శివరామకృష్ణ మాస్టారు ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతారు. కష్టమైన మాట వస్తే ఊరి మనిషినే ఉదాహరణగా చూపిస్తారు. నిరుడు హార్బింజర్ అనే మాట వచ్చింది.

"పూర్వం రాజు కంటే ముందు బయల్దేరి బస చూసి పెట్టేవాణ్ణి అట్లా పిలిచేవాళ్ళు. ఇప్పుడు, రాబోయేదాన్ని ముందుగా తెలిపేది ఏదైనా హార్బింజరే. మన ఆదెయ్య లేడూ? పురుగుకు హార్బింజర్."

పిల్లలు నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. ఆ మాట అరుగుల మీదికి చేరేసరికి అర్థం మారిపోయింది. పురుగు వస్తుందని చెప్పేవాడు కాస్తా పురుగును వెంటబెట్టుకొచ్చేవాడయ్యాడు. ఆ ఏడు పత్తి సగం పోయింది.

ఈ ఏడు పత్తిరైతు నాగేంద్రబాబు అతన్ని తన చేను గట్టు మీదే ఆపాడు.

"ఏరా హార్బింజరూ, ఎక్కడికి?"

"బుట్టలో వాసన బిళ్ళ మార్చాలి బావా."

"ఆ వాసనకేగా ఊళ్ళో పురుగులన్నీ నా చేలోకొచ్చేది."

"వచ్చేది మగవే బావా. నీలాగా తిరుగుబోతులు."

నాగేంద్రబాబు నవ్వాడు గానీ దారి ఇవ్వలేదు. తరువాత మిగతావాళ్ళూ ఇవ్వలేదు. చేలల్లోకి పోని మనిషికి కూలెందుకన్నారు సంఘంవాళ్ళు.

ఆదెయ్య మాస్టారింటికి వెళ్ళాడు.

"ఆ మాటకు అసలు అర్థమేంటో మీరే చెప్పండి మాస్టారూ. నా కూలి పోయేట్టుంది."

"వట్టి మూర్ఖులయ్యా. మబ్బు పడితే వాన వస్తుందని చెప్పినవాడు వాన కురిపించాడా? సంఘంలో నేను మాట్లాడతాలే."

"అయితే ముందు మీ చేను చూసొస్తానండి."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు.

"ఈ వారం వద్దులే ఆదెయ్యా. చేను పూత మీదుంది. ఇంట్లో ఒప్పుకోరు."

తిరిగి వస్తూ ఆదెయ్య మాస్టారి చేను పక్కన సైకిలాపాడు. డొంక మీంచే కనబడుతున్నాయి గుడ్డిపూలు. రేకులు విచ్చుకోకుండా మెలితిరిగి ముడుచుకున్నాయి. లోపల పురుగు తింటోంది. ఇవాళ చెబితే, 'ఆదెయ్య చూశాడు, పురుగు పడింది' అంటారు. ఇక ఏ చేలోకీ అడుగు పెట్టనివ్వరు.

వెనక మాస్టారి స్కూటరు వచ్చి ఆగింది.

"ఎట్టా ఉందయ్యా చేను?"

ఆదెయ్య సైకిలెక్కాడు.

"పూత బాగుందండి."

మాస్టారి మొహం తేలికపడింది. స్కూటరు ముందుకు పోయింది. డొంకకు అటూ ఇటూ కనుచూపు మేర చేలన్నీ పూత మీదున్నాయి.