మా బావ ఎవరికీ ఇవ్వని కెమెరా

మా బావ ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. మనిషి మెతకే గానీ, ఎవరైనా తన కెమెరా ముట్టుకుంటే మాత్రం మండిపడతాడు.

అలాంటివాడు ఈమధ్య కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాక స్టూడియో తలుపే తీయడం లేదు. నెల దాటింది. అడిగితే "కన్ను ఇంకా కుదుటపడాలి" అంటాడు. పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టతను ఆ గది తనకిమ్మని ఎప్పటినుంచో వెంటపడుతున్నాడు. ఇన్నాళ్లూ కసిరి పంపిన బావ, అతన్ని సోమవారం వచ్చి తాళాలు తీసుకెళ్లమన్నాడు. అక్కకు గుండె జారిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆదివారం పొద్దున్నే వాళ్లింటి ముందు కారు ఆపి, "కొండదారిలో పూలు విరగబూశాయట, ఎక్కండి" అన్నాను.

అక్క వెనక సీట్లో ఎక్కింది. బావ నా పక్కన కెమెరా ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపులకు వెళ్తున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. పొలాలు దాటాక మెలికల దారి. మూడో మలుపు తిరిగేసరికి కొండవాలంతా పసుపు, ఊదా, తెలుపు గడ్డిపూలు. "ఆ గట్టు మీద చూడు, తెల్లవాటి మధ్య ఒక్కటే ఎర్రపువ్వు" అన్నాడు. అది నాకు కనపడటానికి కాసేపు పట్టింది.

కారు దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. లేచాడు, ఇంకోచోట కూర్చున్నాడు. పావుగంటైనా ఒక్క క్లిక్కూ వినపడలేదు. చివరికి వచ్చి కెమెరా నా చేతిలో పెట్టాడు.

"నువ్వే తియ్యి. ఇందులోంచి చూస్తే నాకంతా మసగ్గా ఉంది. ఆపరేషన్ అయినప్పటినుంచీ ఇంతే."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ దాచుకోవడానికి కెమెరాను కంటికి ఆనించుకున్నాను.

"బావా, నాకూ మసగ్గానే ఉంది."

"లెన్సు తిప్పు."

"ఎటు తిప్పినా అంతే. మీ కన్ను పాడైతే నాకెందుకు మసగ్గా ఉంటుంది?"

బావ కెమెరా తీసుకుని, కన్ను పెట్టే చోట పక్కనున్న చిన్న చక్రాన్ని తడిమాడు. బావకు దూరపుచూపు మొదటినుంచీ తక్కువ. ఫొటోలు తీసేటప్పుడు కళ్లజోడు అడ్డమని, ఆ చక్రాన్ని ఎప్పుడో తన కంటికి తగ్గట్టు తిప్పి పెట్టుకుని మర్చిపోయాడు. ఆపరేషన్‌లో కంట్లో వేసిన కొత్త లెన్సుతో ఆ లోపం పోయి చూపు మారింది. చక్రం పాత కంటి దగ్గరే ఉండిపోయింది. ఇంకెవరినైనా ఒక్కసారి అందులోంచి చూడనిస్తే మొదటిరోజే బయటపడేది.

గోటితో చక్రం తిప్పాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. "పూరేకు మీద చీమ కూడా కనపడుతోంది" అన్నాడు.

నా గుండెల మీంచి బండ దించినట్టయింది. తిట్టాలనీ అనిపించింది, తిట్టాను కూడా. "ముప్పై ఏళ్ల పనితనం, చూసుకోవాల్సింది ఇంత చక్రం." బావ కొట్టతనికి అక్కడినుంచే ఫోన్ చేసి, సోమవారం రావద్దని చెప్పాడు.

అక్క మాత్రం తేలిగ్గా వదల్లేదు. "నెల్లాళ్లు పక్కనే పడుకుని, నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెబితే నిజమైపోతుందేమోనని భయమేసిందే."

అక్క గట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. బావ పూలను వదిలేసి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.