మోతీకి జాకెట్ కొనబోతే

చలి పెరిగిందని మా కుక్క మోతీకి జాకెట్ కొందామని ఈ రోజు జగిత్యాల వెళ్ళాను. బీర్పూర్ దగ్గర మా పసుపు చేనులో గొలుసుతో కట్టేసి ఉంటుంది మోతీ. అడవి పందులు వస్తే అరుస్తుంది. దుకాణంలో ఎర్రదా, నల్లదా అని పావుగంట తేల్చుకోలేకపోయాను.

ఇంతలో ఒక పెద్దమ్మ కవరు కూడా విప్పని జాకెట్ తెచ్చి తిరిగి తీసుకోమంది.

"సైజు సరిపోలేదా అమ్మా?" అన్నాడు దుకాణాయన.

"సైజుకేంది కొడుకా, తొడుగుదామంటే కుక్కనే లేకపాయె. మొన్న పొద్దుమీకి చీకటి పడంగ చిరుత ఎత్తుకపోయింది. కట్టేసి ఉండె, ఉరుకుదామన్న రాకపాయె."

ఏ ఊరని అడిగాను. మా గుట్టకు అటుపక్క ఊరే. ఇటుపక్క మా చేను.

చేతికందిన ఎర్ర జాకెట్ కొని నేరుగా చేనుకు వెళ్ళాను. గిన్నెలో అన్నం అలాగే ఉంది. మోతీ అరవడం లేదు, గుట్ట వైపే చూస్తూ వణుకుతోంది. జాకెట్ తొడిగినా వణుకు ఆగలేదు. గొలుసు విప్పి, బండి మీద ఇంటికి తెచ్చాను. రంగు గురించి అంతసేపు ఆలోచించిన నాకు, ఆ గొలుసు సంగతి ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

మోతీ ఇప్పుడు మంచం కింద దూరింది. మా నాన్నేమో, చిరుత సంగతి చెప్పినా వినకుండా, "కుక్కను తెస్తివి, చేను ఎవలు చూడాలె? నేనే పోత," అని టార్చి వెతుకుతున్నాడు. నేను ఆ టార్చిని దాచిపెట్టి ఇది రాస్తున్నాను.

ఆయన్ని ఎట్లా ఆపాలో ఎవరైనా తొందరగా చెప్పండి.