ఎల్లవ్వ రీలుకు వేపాకు

తాండూరు రాతిగని కూలీల సంఘంల టేప్ రికార్డరు నడిపేది నేనే. ఇయ్యాల సంఘం పెద్దమనిషి వచ్చి, ఖాళీ రీలు లేదంటే, పాత మీటింగు రీలు చెరిపి కొడుకు పెండ్లి బ్యాండు ఎక్కియ్యమన్నడు. నాకు ఒళ్లు మండింది. ఆ రీలే వినిపించిన. రీలుల నుంచి ఒక ఆడిగొంతు లేసింది:

"వెట్టికి రాం దొరా! మా రెక్కలు మాయి!"

గడపల కూసున్న కూలీ ఎల్లవ్వ అదిరిపడ్డది. "గా ఆడిది ఎవరు బిడ్డా? మస్తు ధైర్యం!"

"నువ్వే అవ్వా, పోయినేడు మీటింగుల."

నేను రీలు తియ్యంగనే గుంజుకొని ఒళ్లె పెట్టుకున్నది. "ఎవడు చెరుపుతడో చూస్త. జొన్నల కుండల వేపాకేసి దాస్త, పురుగు ముట్టదు."

పెద్దమనిషి కొత్త రీలు కోసం వికారాబాదు బండెక్కిండు.

రీలుకు పురుగు పట్టదని ఎల్లవ్వకు నేను చెప్పలె. మీరైతే చెప్తుంటిరా?