సారు తెలుగు, మేడమ్ ఇంగ్లీషు

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఒక సందులో మాకు చిన్న డీటీపీ సెంటరు ఉంది. ముందు భాగంలో మా ఆయన జిరాక్సు, ఫ్లెక్సీల పని చూసుకుంటాడు. లోపల గోడవైపు తిరిగి కూర్చుని నేను టైపు చేస్తాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కలెక్టరు గారికి అర్జీలు, సంవత్సరీకం కార్డులు. పదకొండేళ్లుగా ఊళ్లోవాళ్ల సంతోషాలూ దుఃఖాలూ నా కంప్యూటరులోంచే వెళ్తున్నాయి గానీ, వాటిలో అక్షర దోషాలు తప్ప ఇంకేమీ పట్టించుకునేదాన్ని కాదు. అర్థం చేసుకుంటూ టైపు చేస్తే వేగం తగ్గుతుంది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో దారం కట్టిన పెన్‌డ్రైవు. నంగునూరు వైపు వ్యవసాయ కుటుంబం వారిది. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. మా ఆయనకు ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పింది ఆయనేనట. మా ఆయన ఆ మాట చెప్పి దండం పెట్టగానే, సారు మా బోర్డు వైపు చూసి, "శుభలేఖలల భకు ఒత్తు పోయింది, చూసుకోరా" అని లోపలికి వచ్చి కూర్చున్నారు.

పెన్‌డ్రైవులో ఉన్నది ఆయన జీవితకథ. సారు నోటుబుక్కులో తెలుగులో రాశారు. ఆయన భార్య కూడా టీచరే. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. సారు రాసిన ఒక్కో పేరా కింద ఆమె ఇంగ్లీషులో రాశారు. దాన్నంతా అదే వరుసలో ఎక్కడో టైపు చేయించారు. పైన తెలుగు, కింద ఇంగ్లీషు, మళ్లీ తెలుగు, మళ్లీ ఇంగ్లీషు. మొత్తం రెండు వందల పేజీల పైమాటే.

"గిండ్ల రెండు భాషలు కలిసిపోయినయి బిడ్డా" అన్నారు సారు. "తెలుగు ఒక దిక్కు, ఇంగ్లీషు ఒక దిక్కు ఏరిపెట్టాలె. రెండు పుస్తకాలు ఏస్త."

"ఒక్కటే పుస్తకమైతే రెండు భాషలోళ్లకు పనికొస్తది కద సార్?"

"మధ్యల మధ్యల ఇంగ్లీషు తగుల్తుంటే రాళ్లున్న బువ్వ తిన్నట్టున్నది. మా పాత పిల్లలందరు కలుస్తున్నరు వచ్చే నెల. గాల్లకు ఇయ్యాలె. ఎన్ని దినాలు పడ్తది?"

"ఐదు నిమిషాలు సార్" అన్నాను.

అబద్ధం కాదు. తెలుగు ఒక ఫాంటులో ఉంది, ఇంగ్లీషు ఇంకో ఫాంటులో ఉంది. ఫైలుకు రెండు కాపీలు తీసి, ఒకదాంట్లో ఇంగ్లీషు ఫాంటులో ఉన్నదంతా వెతికి తుడిచెయ్యమంటే కంప్యూటరే తుడిచేస్తుంది. రెండో దాంట్లో తెలుగును తుడిచెయ్యమంటే సరి. సారు ముందే చేసి చూపించాను. నాలుగు నిమిషాలు పట్టింది. సారు మెచ్చుకుని చాయ్ తాగి వెళ్లారు.

ఆయన వెళ్లాక తెలుగు ఫైలు ఒకసారి పైనుంచి చూశాను. సారుకు కొన్ని మాటలు ఇంగ్లీషు అక్షరాలతోనే రాసే అలవాటు. అవన్నీ ఇంగ్లీషుతో పాటే పోయాయి. ఒక పేరా ఇలా మిగిలింది: "ఆ ఏడు నాకు వచ్చింది. దానివల్ల పెరిగింది. చివరికి కూడా వచ్చింది." చదివినవాళ్లు ఏదో అంటురోగం అనుకుంటారు. పాత ఫైలు తీసి చూస్తే పోయిన మాటలు ట్రాన్స్‌ఫర్, టెన్షన్, షుగర్.

మేడమ్ ఇంగ్లీషుదీ అదే తీరు. తెలుగు మాటలు వచ్చినచోట ఆమె వాటిని తెలుగులోనే రాశారు. వానాకాలం సాయంత్రాలు ఆయనకు ఒకటి కావాల్సిందేననీ, అది లేకుంటే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదనీ ఒక వాక్యం. ఆ ఒకటి ఏమిటో ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీని అలాగే అచ్చు వేస్తే సారు పరువు పోతుంది. అక్కడ ఉన్న మాట సర్వపిండి, గిన్నెలో తట్టి కాల్చే బియ్యప్పిండి రొట్టె.

ఇక పాత ఫైలు పక్కన పెట్టుకుని, పోయిన ఒక్కో మాటనూ తిరిగి దాని చోట పెట్టడం తప్ప వేరే దారి లేకపోయింది. అలా చేయాలంటే రెండూ చదవాలి. నేను డిగ్రీ దాకా చదువుకున్నాను. ఇంగ్లీషు మెల్లగా చదివితే అర్థమవుతుంది.

మొదటి ఉద్యోగం గురించి సారు ఇలా రాశారు: "కొండపాక దగ్గర ఒక ఊళ్లో మొదటి పోస్టింగు. ఎండైనా వానైనా సైకిలు మీదే వెళ్లాను. ఒక్కనాడు కూడా ఆలస్యంగా వెళ్లలేదు." దాని కింద మేడమ్ ఇంగ్లీషులో రాసింది ఇది: "సోమవారాలు ఆలస్యంగా వచ్చేవారు. అప్పుడు నేనూ అదే బడిలో పనిచేశాను. హాజరు రిజిస్టరు నా బల్ల మీద ఉండేది."

నా ఇంగ్లీషు మీద నాకే అనుమానం వచ్చింది. మళ్లీ చదివాను. అంతే ఉంది.

"నా శ్రీమతిని నేనే చదివించి టీచరును చేశాను" అని సారు. "పెళ్లినాటికే నా ట్రైనింగు ఒక ఏడాది అయిపోయింది" అని మేడమ్. "రెండో ఏడాది మొదలైన రోజు నా ఇనుప పెట్టెను ఆయన బస్టాండు దాకా భుజం మీద మోశారు. పెట్టె చాలా బరువు. అది మాత్రం నిజం." కూతురు పుట్టిననాడు ఎన్నికల డ్యూటీ వల్ల సమయానికి రాలేకపోయానని సారు రాశారు. డ్యూటీ ముందు రోజే అయిపోయిందనీ, ఆయన బస్సులో నిద్రపోయి సిద్దిపేటలో దిగకుండా కరీంనగర్ దాకా వెళ్లారనీ మేడమ్ రాశారు.

సారుకు ఇంగ్లీషు దరఖాస్తు నింపేంత వచ్చు. అంతకుమించి రాదు. భార్య తన రాతను ఇంగ్లీషు చేస్తోందన్న నమ్మకంతో ఆయన ఆ పేరాలను దాటుకుంటూ పోయారని అర్థమైంది.

మూడో రోజు అరవయ్యో పేజీ దగ్గరికి వచ్చాను. అక్కడ సారుది ఒక్కటే వాక్యం: "మా రెండవ సంతానం దక్కలేదు." తర్వాతి పేరాలో ఆయన బదిలీ మొదలవుతుంది. ఆ ఒక్క వాక్యం కింద మేడమ్ రాసింది మూడున్నర పేజీలు. చదువుతుంటే బయటి నుంచి మా ఆయన ఏదో పేపరు కావాలని పిలిచాడు. వస్తున్నానన్నాను గానీ లేవలేదు.

మర్నాడు మేడమ్ తనే వచ్చారు. తన తెలుగు మాటలు సరిగ్గా ఉన్నాయో లేవో చూసుకోవడానికి. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కళ్లద్దాలు మెడలో వేలాడుతున్నాయి.

"మేడమ్, ఈ రెండు ఒక్కటి కావు కద" అన్నాను.

"కావు" అన్నారామె, తెర మీద ఉన్న పేజీ చదువుకుంటూనే.

"సారుకు ఎర్కేనా?"

"అడగలె. నేను చెప్పలె."

"ఇంట్ల చెప్పచ్చు కద మేడమ్, ఇంగ్లీషుల రాసే బదులు?"

ఆమె కళ్లద్దాలు తీశారు. "నలభై ఏండ్ల నుంచి చెప్పజూస్తున్న. నేను మొదలువెడ్తే సారు అందుకుంటడు. తెలుగు ఆయన సబ్జెక్టు. ఇంగ్లీషుల రాస్తే ఎవ్వరు అడ్డం రాలె." తర్వాత తెర వైపు వేలు చూపించి, "గీడ మక్కగారెలు అని ఉండాలె, పోయింది" అన్నారు. పెట్టాను.

వారం తర్వాత సారు ప్రూఫులు చూసుకోవడానికి వచ్చారు. రెండు కట్టలు ముందు పెట్టాను. ఆయన రెంటినీ చేతుల్లోకి తీసుకుని బరువు చూశారు.

"నాది తొంభై పేజీలు. ఆమెది నూట ముప్పై. గట్లెట్లయితది?"

"ఇంగ్లీషు కొంచెం పొడుగుంటది సార్" అన్నాను. ఆ మాట ఒక తెలుగు పండితుడితో ఎలా అన్నానో తెలియదు.

ఆయన ఇంగ్లీషు కట్ట తిప్పుకుంటూ పోయారు. నేను పనిగట్టుకుని తిరిగి పెట్టిన తెలుగు మాటలు ఆ పేజీల మధ్య స్పష్టంగా కనబడుతున్నాయి. సారు ఒకచోట ఆగారు.

"తొట్టె అని ఉన్నది గీడ. నేను తొట్టె గురించి రాయనే లేదు."

ఆయన కట్టను నా వైపు తిప్పారు.

"ఏమున్నది గిండ్ల? చదువు."

"మేడమ్‌ను అడుగుండ్రి సార్. మంచిగ చెప్తరు."

"ఆమె చెప్తె నేను మధ్యల మాట్లాడ్త. నువ్వు చదువు."

అప్పటికే చింతమడక నుంచి వచ్చిన ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కరెంటు పోయింది, మెషీను ఆగింది. నేను ఒక్కో వాక్యం చూసి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను.

"బాబు తొమ్మిది రోజులు ఉన్నాడు. దవాఖాన నుంచి మేమిద్దరమే ఇంటికి వచ్చాం. తొట్టె అప్పటికే దూలానికి కట్టి ఉంది. కట్టింది ఆయనే. దాన్ని విప్పమని నేను అనలేదు. ఆయన విప్పలేదు. రోజూ బడికి వెళ్లేటప్పుడు, ఎవరూ చూడటం లేదనుకుని, దాన్ని చేత్తో ఒకసారి ఊపి వెళ్లేవారు. నేను వంటింట్లోంచి చూసేదాన్ని. అది ఊగడం ఆగేదాకా పొయ్యి దగ్గరే నిలబడేదాన్ని. నాలుగు నెలలు అలా జరిగింది. నేను చూశానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు."

సారు కట్ట మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. "నాలుగు నెలలు కాదు. దసరా దాక ఉన్నది" అన్నారు.

"మార్చాల్నా సార్?"

"వద్దు. ఆమెది ఆమె రాసింది. ఇంక ఉన్నదా?"

మిగిలిన మూడు పేజీలు కూడా చదివి చెప్పాను. అయిపోయాక గుమ్మంలోని రైతు, "ఎవలి ముచ్చట సార్ ఇది?" అని అడిగాడు.

"మాదే" అన్నారు సారు.

రైతు తలూపి, పాసుపుస్తకం చంకలో పెట్టుకుని, కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. సారు మాత్రం, ఇలాంటివి ఇంకెక్కడెక్కడ ఉన్నాయో చూపించమన్నారు. ఏముందో చెబుతూ చూపించాను. జేబులోంచి పెన్ను తీసి ఒక్కోచోట చిన్న గీత పెట్టుకున్నారు. ఇరవై దాకా అయ్యాయి. కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

నాకు భయం పట్టుకుంది. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నేను చిచ్చు పెట్టానేమోనని రెండు రోజులు పని సాగలేదు. ఒక పెళ్లి పత్రికలో వధువు పేరు వరుడి చోట పెట్టాను. మూడో రోజు మేడమ్ వచ్చారు.

"సారు ఏమన్నరు మేడమ్?"

"రాంగనే అడిగిండు, నేను సోమారాలు లేటొస్తుంటినా అని."

"మీరేమన్నరు?"

"అవునన్న. గొడవ వెట్టుకున్నడు. ఏ హెడ్‌మాస్టరున్నడు అప్పుడు, ఏ సైకిలు ఉన్నది, అన్ని తీసిండు."

"తొట్టె సంగతి?"

"అది ఎత్తలె." ఆమె సంచి ఒళ్లోకి తీసుకున్నారు. "నేను వంకాయలు కోస్తుంటే వచ్చి పక్కకు కూసున్నడు. ఎన్నడు కూసోడు. కోసినయి అన్ని నీళ్లల్ల ఏసిచ్చిండు. గంతే." తర్వాత సంచిలోంచి మడిచిన కాగితం ఒకటి తీసి నాకిచ్చారు. "ఇది నీకియ్యమన్నడు. నేను చూడలె. నన్ను చూడొద్దన్నడు."

సారు చేతిరాత. అర పేజీ. రెండవ సంతానం గురించి రాసిన ఒక్క వాక్యం తీసేసి దాని చోట ఇది పెట్టమని పైన రాసి ఉంది. తొట్టె విప్పడానికి దసరా మర్నాడు స్టూలు ఎక్కాననీ, తాను వేసిన ముడి తనకే రాలేదనీ, చివరికి కొడవలితో తాడు కోసి, తొట్టెను పక్కింటివాళ్లకు ఇచ్చాననీ రాశారు. వాళ్లింట్లో ఇద్దరు పిల్లలు ఆ తొట్టెలోనే పెరిగారట. వాళ్ల పెళ్లిళ్లకు సారు వెళ్లారట. ఆ అర పేజీలో ఒక్క ఇంగ్లీషు మాట లేదు.

నేను టైపు చేస్తున్నంతసేపూ మేడమ్ వీధివైపు తిరిగి కూర్చున్నారు. అయ్యాక ఒక ప్రింటు తీసి చేతిలో పెట్టాను. చూడొద్దన్న మాట ఆమెకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఆమె నిలబడే చదివారు. రెండుసార్లు చదివి మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"మీ ఇంగ్లీషుల ఏమన్న మార్చాల్నా మేడమ్?"

"దేనికి? నాలుగు నెలలు అన్నది ఒక్కటి దసరా దాక అని మార్చు. మిగతాది ఉండనీ."

రెండు పుస్తకాలూ వచ్చాయి. పాత విద్యార్థుల సమ్మేళనంలో తెలుగు పుస్తకం అందరికీ పంచారు. మా ఆయన కూడా వెళ్లి తెచ్చుకున్నాడు. ఇంగ్లీషుది అడిగి తీసుకున్నవాళ్లు నలుగురో ఐదుగురో. మిగతా కట్టలు వాళ్లింట్లో అటక మీద ఉన్నాయి. మొన్న మేడమ్ కూరగాయల మార్కెట్లో కనబడ్డారు. ఆదివారం ఆదివారం సారు ఆ పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టి, తెలుగులో చెప్పించుకుంటున్నారట. ఇప్పుడు నలభై రెండో పేజీ దగ్గర ఉన్నారు.