నబీ సాహెబ్ కట్టిన కట్టు

నీ వృత్తి ఏంటని అడిగితే ఫుట్‌బాల్ అనేవాడు నబీ సాహెబ్. తెనాలిలో ఆయనకున్న పరుపుల కొట్టు కూడు పెట్టడానికేనట. పద్నాలుగేళ్లు తెనాలి జట్టుకు ఆడి, మోకాలు మొరాయించాక కుర్రాళ్లకు ఆట నేర్పడం మొదలెట్టాడు. చదివింది అయిదో తరగతే. అయితేనేం, ఆట చూసే కన్నుంది. దెబ్బ తగిలినచోట దూది పరిచి, గుడ్డ పట్టీ బిగించి కట్టు కట్టడంలో అందెవేసిన చెయ్యి.

మ్యాచ్ రోజు పొద్దున్నే ఆటగాళ్లు ఆయన కొట్టుకెళ్లి కట్లు కట్టించుకునేవాళ్లు. ఎవరికి ఎక్కడ నొప్పో ఆ గుమ్మం దాటి బయటికి పొక్కకూడదు. ఆ కట్టుబాటు పెట్టిందీ ఆయనే.

రెండువేల రెండులో క్లబ్బు పెద్దలకు ఉన్నట్టుండి డిగ్రీల మీద మోజు పుట్టింది. పట్టా ఉన్న డ్రిల్లు మాస్టారిని తెచ్చుకుని, ఈయన్ని ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. పొమ్మనలేక పొగబెట్టడం కాదు, తిన్నగా పొమ్మనడమే. ఆ వేసవిలోనే టీవీలో ప్రపంచ కప్పు వచ్చింది. ఒకప్పటి ఫ్రెంచి ఆటగాడు సెనెగల్‌కు కోచ్‌గా వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే తన ఫ్రాన్సును ఓడించాడు. నబీ సాహెబ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"చూశావా అమీనా! ఆట నేర్పేవాడికి ఊరేంటి, దేశమేంటి?"

"గెలిచాడు సరేనండీ," అంది భార్య అమీనా బీ. "రేపు సొంతూరెళ్తే మొహం ఎలా చూపిస్తాడో."

నెల తిరక్కుండా రేపల్లె క్లబ్బు సెక్రటరీ నరసింహం వచ్చి, తమ జట్టుకు కోచ్‌గా రమ్మన్నాడు. వారానికి మూడుసార్లు పాసింజరు బండెక్కి వెళ్లొచ్చేవాడు నబీ సాహెబ్. బంతికీ కాలికీ పొత్తు కుదరని ఆ జట్టును రెండున్నరేళ్లలో బాపట్ల టోర్నమెంటు ఫైనలుకు తెచ్చాడు. అవతలి జట్టు తెనాలి.

ఫైనలు రోజు తెల్లారగానే కొట్టు ముందు బర్నబాస్ నిలబడ్డాడు. కొలకలూరు కుర్రాడు, తెనాలి జట్టుకు గోలు కాసే గోలీ. పన్నెండో ఏట నుంచి నబీ సాహెబ్ చేతిలో తయారైనవాడు.

"మాస్టారూ, ఎడం భుజం పట్టేసిందండి. కట్టు కట్టాలి."

"నేనిప్పుడు అవతలి జట్టు కదరా. మీ డ్రిల్లు మాస్టారికి చెప్పలేదా?"

"చెప్తే ఆడనివ్వరండి. ఇవాళ రైల్వే వాళ్లు చూడ్డానికొస్తున్నారు, వచ్చే వారం సెలెక్షన్లు. ఆ ఉద్యోగమొస్తే మా అమ్మ కూలికి పోనక్కర్లేదు. ఈ సంగతి మీకు తప్ప ఎవరికీ తెలీదండి."

నబీ సాహెబ్ మంచి దూది తీసి, ఒళ్లు దగ్గర పెట్టుకుని కట్టాడు. ఆ పనిలో ఏ మోసమూ చెయ్యలేదు. చెయ్యి ఎత్తించి చూస్తే చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

బాపట్లలో సగం ఆటయ్యేసరికి తెనాలిది ఒక గోలు, రేపల్లెది సున్నా. షామియానా కింద నుంచి తెనాలి పెద్దమనిషొకడు, "సాహెబూ, పరుపేసుకుని పడుకో పో!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

కోపంలో నోరు జారాడందామా? అలా అంటే ఆయనకే నచ్చదు. గొంతు తగ్గించి, ఆచితూచి, రేపల్లె కుర్రాళ్లను దగ్గరికి పిలిచి మరీ చెప్పాడు.

"గోలీకి ఎడం చెయ్యి పైకి లేవదు. బంతి అటే, ఎత్తుగా కొట్టండి."

రెండు గోల్స్ అలాగే పడ్డాయి. మూడో బంతిని ఎలాగైనా ఆపాలని బర్నబాస్ ఎగిరాడు. బంతి ఆగింది, భుజం కీలు తప్పింది. రేపల్లె వాళ్లు నబీ సాహెబ్‌ను భుజాలకెత్తుకుని ఊరేగించారు. మెళ్లో వేసిన దండ తీసి పక్కవాడి చేతిలో పెట్టాడాయన.

సెలెక్షన్లకు బర్నబాస్ వెళ్లలేకపోయాడు. డాక్టరు కీలు సరిచేసి పంపాక, కట్టు మార్పించుకోవడానికి శుక్రవారం శుక్రవారం పరుపుల కొట్టుకే వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా చెప్పేద్దామని నబీ సాహెబ్ నోరు తెరిచేవాడు. తెరిచి, "నొప్పి తగ్గిందా?" అని అడిగేవాడు. నమాజులో నిలబడ్డా ఆ భుజమే కళ్లముందు ఆడేది. అమీనా బీ పెట్టిన అన్నం కెలికి లేచేవాడు. తప్పు చేశానని ఆయనకు తెలుసు. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికే ధైర్యం చాల్లేదు.

ఆరో శుక్రవారం కట్టు పూర్తిగా విప్పేశాడు. ఇక చెప్పక తప్పదు.

"ఒరేయ్ బర్నబాస్, ఆ రోజు మా వాళ్లకి నీ భుజం సంగతి చెప్పింది నేనేరా. క్షమించు నాయనా."

బర్నబాస్ తల ఎత్తలేదు.

"తెలుసండి. రెండో గోలప్పుడే తెలిసిపోయింది. మీకు తప్ప ఎవరికీ తెలీదుగా."

"తెలిసీ నా దగ్గరికే వచ్చావా?"

"ఇవాళైనా చెప్తారేమో, ఇవాళైనా చెప్తారేమో అని వచ్చానండి. మొదటి వారం చెప్పుంటే బాగుండేది మాస్టారూ."

లేచి చొక్కా అందుకున్నాడు. ఎడం చెయ్యి చొక్కాలో దూరక తంటాలు పడుతుంటే నబీ సాహెబ్ సాయం పట్టబోయాడు. బర్నబాస్ పక్కకి తిరిగి, నెమ్మదిగా తనే తొడుక్కుని వెళ్లిపోయాడు.