మీసం తీయించిన విగ్రహం

తిరువూరు బస్సు తప్పిపోవడంతో నాకు ఊరు తిరగడమే మిగిలింది. ఆ పల్లె సెంటర్లో ఒక జవాను విగ్రహం ఉంది. పై పెదవి మీద సిమెంటు గరుకుగా లేచింది. ఒక పెద్దావిడ తడిగుడ్డతో ఆ ముఖం తుడుస్తోంది.

"మీసం ఎవరో విరగ్గొట్టినట్టున్నారండీ," అన్నాను, నా మీసం సవరించుకుంటూ.

"నేనే చెక్కి తీయించేశానండి. మా అబ్బాయి. మీసం లేకపోతే వీరుడేంటని ఊళ్లోవాళ్లు మీకున్నట్టే ఇంత కోరమీసం పెట్టించారు. సరిహద్దులో పోయేనాటికి వాడికింకా నూనూగు మీసాలేనండి. విగ్రహానికి ముసుగు తీసిన రోజు, ఎవరి బిడ్డో అనుకున్నాను."

"ఊళ్లోవాళ్లు ఊరుకున్నారా?"

"గొడవ చేశారు. వీరుడు మీకేగానీ, నా కొడుకు నాకుండాలిగా అన్నాను."

ఆమె పక్కకు జరిగి, ఆ గరుకును తాకి చూడమంది.

"అప్పుడే మొలుస్తున్నట్టు లేదూ?"